కరెంటు తిరిగి వెళ్లే దారి

తూకం మిషన్ మీద అంకెలు ఊగడం మొదలయ్యాయంటే చాలాచోట్ల ముందు జరిగేది ఎర్తింగ్ చేసే మనిషికి ఫోను కొట్టడం. అతను వచ్చి గుంత తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పోసి, నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించి వెళ్తాడు. రెండ్రోజులు అంకెలు నిలిచినట్టే ఉంటాయి. మోటార్లన్నీ ఒకేసారి తిరిగే రోజు రాగానే మళ్లీ కథ మొదటికొస్తుంది. అప్పుడు ఇంకో గుంత.

గుంత వద్దని కాదు. ప్రాణరక్షణకి అది కావాలి, ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. అంకెల్ని ఊపే నాయిస్‌కి మందు మాత్రం అక్కడ లేదు. మీ జేబులో ఉన్న ఫోను మైక్రోవోల్టుల్లో వచ్చే రేడియో సిగ్నల్‌ని పట్టుకుంటుంది. దానికి ఎర్త్ గుంత ఎక్కడుంది? విమానం కాక్‌పిట్ నిండా సున్నితమైన మీటర్లే, అవి పనిచేసేది నేలకి పది కిలోమీటర్ల ఎత్తున. నేల నాయిస్‌ని మింగేస్తుందన్న నమ్మకం మన ప్యానెల్ రూముల్లో ఎలా పాతుకుపోయిందో గానీ, కరెంటుకి నేల మీద ప్రత్యేకమైన మమకారం ఏమీ లేదు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, ఏ డ్రైవ్ నుంచి బయల్దేరిందో అక్కడికే తిరిగి చేరాలని చూస్తుంది. ఆ తిరుగు ప్రయాణంలో మీ సిగ్నల్ వైరు మీదుగా వెళ్తోందా, పక్కనుంచి వెళ్తోందా అన్నదే మీరు తేల్చుకోవలసిన ప్రశ్న. ఈ అధ్యాయమంతా ఆ దారి వెతకడం గురించే.

రైస్ మిల్లులో బస్తా తూకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మిర్యాలగూడలోనైనా తణుకులోనైనా ఏర్పాటు దాదాపు ఒకటే: హాపరు, దానికింద బస్తా, బరువు మోసే లోడ్ సెల్, గోడ మీద ఇండికేటరు, అవతల మోటార్లు, వాటిలో కొన్నిటికి వేగం మార్చే డ్రైవులు, అంటే వీఎఫ్‌డీలు. లోడ్ సెల్ లోపల 350 ఓమ్‌ల స్ట్రెయిన్ గేజీలు నాలుగు బ్రిడ్జిలా కలిపి ఉంటాయి. 100 కిలోల సెల్, వోల్టుకి 2 మిల్లీవోల్టుల రేటింగు, ఇండికేటరు దానికిచ్చే సప్లయ్ 5 వోల్టులు అనుకోండి. నిండా 100 కిలోలు పెడితే బయటికొచ్చేది 10 మిల్లీవోల్టులు. కిలోకి 100 మైక్రోవోల్టులు. 10 గ్రాములకి ఒకే ఒక్క మైక్రోవోల్టు.

ఈ లెక్క లేకుండా నాయిస్ గురించి మాట్లాడుకోవడం వృథా. మీది తూకం కాకపోతే మీ లెక్క మీరు కట్టుకోండి. కె టైపు థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులిస్తుంది, కాబట్టి ఒక మిల్లీవోల్టు నాయిస్ చేరితే రీడింగు 24 డిగ్రీలు తప్పుతుంది. ఈసీజీలో గుండె కొట్టుకున్నప్పుడు లేచే పెద్ద గీత ఎత్తు మిల్లీవోల్టు అటూ ఇటూ. ముందు మీ సెన్సర్ ఒక్కో యూనిట్‌కి ఎన్ని మైక్రోవోల్టులిస్తుందో తెలిస్తే, ఏ నాయిస్‌కి భయపడాలో, దేన్ని వదిలేయొచ్చో అర్థమవుతుంది.

ప్రకృతి పెట్టిన హద్దు ఒకటుంది. ప్రతి రెసిస్టరూ వేడివల్ల తనంతట తానే కొంచెం నాయిస్ పుట్టిస్తుంది. జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ లెక్కగట్టి 1928లో ప్రకటించారు. మన 350 ఓమ్‌ల బ్రిడ్జికి, 10 హెర్ట్‌జ్ వెడల్పులో, అది 8 నానోవోల్టులకి మించదు. గ్రాముల్లోకి మారిస్తే గ్రాములో పదో వంతు కూడా కాదు. ఇండికేటరులోని ఆంప్లిఫయరు తన వంతు ఇంకొంత కలుపుతుంది. మీ తూకం 50 గ్రాములు ఊగుతోందంటే ఆ నేరం ప్రకృతిది కాదు, చాలావరకు వైరింగుదే.

ఇప్పుడు దారి సంగతి. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు పది మీటర్లకి 0.115 ఓమ్ ఉంటుంది. ఎలక్ట్రీషియన్ దృష్టిలో అది సున్నా. దాంట్లో ఒక ఆంపియరు పారితే రెండు కొసల మధ్య 115 మిల్లీవోల్టులు లేస్తుంది. అది నేరుగా మీ సిగ్నల్‌కి కలిస్తే టన్నుకి పైగా తప్పు. అంత తప్పు కనబడకపోవడానికి కారణం, ఇండికేటరు రెండు సిగ్నల్ వైర్ల మధ్య తేడానే చూస్తుంది, రెండింటికీ సమానంగా తగిలిన దాన్ని తీసేస్తుంది. ఈ తీసివేత 100 డెసిబెల్స్ అని దాని పుస్తకంలో రాసి ఉంటే లక్షో వంతుకి తగ్గిస్తుందని అర్థం. 115 మిల్లీవోల్టులు లక్షో వంతుకి తగ్గితే 1.15 మైక్రోవోల్టు, అంటే పదకొండు పన్నెండు గ్రాములు. ఇక్కడొక మెలిక ఉంది. ఆ 100 డెసిబెల్స్ హామీ 50 హెర్ట్‌జ్ దగ్గర మాట. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అది తరిగిపోతుంది. వీఎఫ్‌డీ నుంచి వచ్చే కిలోహెర్ట్‌జ్ పొడుపులకి అంత కాపలా ఉండదు. సిగ్నల్ వైరు రెండు కొసలూ వేర్వేరు చోట్ల ఎర్త్ అయితే ప్రమాదం ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా: మధ్యలో ఎవరి కరెంటో పారుతుంది, దానికి మీ వైరే రోడ్డు.

మిల్లుల్లో ఈ రోడ్డు ఎక్కువగా దొరికేది ఎవరూ అనుమానించని చోట. తూకం ఇండికేటరు వెనక నుంచి బిల్లింగ్ కంప్యూటరుకి ఒక సీరియల్ కేబుల్ పోతుంది. కంప్యూటరు ఆఫీసు గదిలో ఉంటుంది, దాని ఎర్త్ ఆఫీసు బోర్డుది. ఇండికేటరు ఎర్త్ మిల్లు ప్యానెల్‌ది. ఆర్‌ఎస్‌-232 కేబుల్‌లోని గ్రౌండ్ వైరు ఈ రెండు ఎర్త్‌లనీ కలిపేస్తుంది. మిల్లులో పెద్ద మోటారు లేచినప్పుడల్లా రెండు ఎర్త్‌ల మధ్య తేడా మారుతుంది, ఆ కరెంటు సన్నటి సీరియల్ వైరు గుండా, ఇండికేటరు బోర్డు మీదుగా పోతుంది. లోడ్ సెల్‌ని మార్చి, కేబుల్‌ని మార్చి, చివరికి ఇండికేటరే మార్చినా జబ్బు తగ్గదు. సీరియల్ కేబుల్ ఊడదీస్తే మాత్రం అంకెలు టక్కున నిలబడతాయి. దీనికి మందు ఐసొలేటెడ్ కన్వర్టరు. లోపల ఆప్టోకప్లరో చిన్న ట్రాన్స్‌ఫార్మరో ఉండి, డేటాని పోనిచ్చి కరెంటుని ఆపుతుంది. కొనేటప్పుడు ‘ఐసొలేటెడ్’ అన్న మాట డబ్బా మీద ఉందో లేదో చూడండి. అదే ఆకారంలో, సగం ధరకి, ఐసొలేషన్ లేనివి కూడా అమ్ముతారు.

ల్యాప్‌టాప్‌తో పరీక్షించేవాళ్లకి ఒక మాట. రెండు పిన్నుల చార్జరు తగిలించిన ల్యాప్‌టాప్ లోహపు ఒంటిని వేలితో రాస్తే జివ్వుమంటుంది, మీరు గమనించే ఉంటారు. చార్జరులోని చిన్న కెపాసిటర్ల గుండా మెయిన్స్ కొద్దిగా కారుతుంది. మనిషిని ఏమీ చేయలేనంత తక్కువ కరెంటే, కానీ మైక్రోవోల్టులు కొలిచే బోర్డుకి అది చాలా ఎక్కువ. చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. నాయిస్ పోతే వెతుకులాట అక్కడితో ముగిసింది.

వెతకడానికి పద్ధతి ఉండాలి. అందుబాటులో ఉన్నవన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మళ్లీ చెడితే మొదటికే వస్తారు. 350 ఓమ్‌ల రెసిస్టర్లు నాలుగు తెచ్చి చదరంగా కలిపి సోల్డర్ చేసుకోండి. అదే నకిలీ లోడ్ సెల్. బరువు తెలియదు, ఒంగదు, ఊగదు. దాన్ని ముందు ఇండికేటరు టెర్మినల్స్ దగ్గరే కట్టండి. అంకెలు ఇంకా ఊగుతుంటే తప్పు ఇండికేటరుదో దాని పవర్ సప్లయ్‌దో, వెనక నుంచి వచ్చే కేబుళ్లదో. నిలబడితే నకిలీ సెల్‌ని కేబుల్ అవతలి కొసకి, జంక్షన్ బాక్స్‌కి మార్చండి. అక్కడ ఊగితే దోషం కేబుల్‌ది. అక్కడా నిలబడితే సెల్‌నీ, దాన్ని బిగించిన ఫ్రేమునీ చూడాలి. ఊగడం అనుకున్నది నిజంగానే ఫ్రేము అదిరి ఊగడం కావచ్చు. పక్కనే జల్లెడ ఆడుతుంటే లోడ్ సెల్ తన పని తాను నిజాయితీగానే చేస్తోంది.

ఆసిలోస్కోపు ఉంటే పని ఇంకా సులువు. అల అల మధ్య 20 మిల్లీసెకన్లు ఉంటే అది మెయిన్స్, 50 హెర్ట్‌జ్. 10 మిల్లీసెకన్లు ఉంటే రెక్టిఫయరు తర్వాతి రిపుల్, పవర్ సప్లయ్‌లోని కెపాసిటర్ ఉబ్బిందేమో చూడండి. దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా పొడుపులుంటే డ్రైవో ఎస్‌ఎంపీఎస్సో. స్కోపు లేకపోతే చెయ్యే పరికరం. వైరు తాకకుండా పక్కన అరచెయ్యి పెట్టినప్పుడు రీడింగు మారితే ఎలక్ట్రిక్ ఫీల్డు చొరబడుతోంది, షీల్డు ఎక్కడో తెగింది లేదా అసలు కట్టనే లేదు. చేతికి స్పందించకుండా వైరుని పక్కకి జరిపితే మారిందంటే మ్యాగ్నెటిక్ ఫీల్డు.

ఒక హెచ్చరిక. స్కోపు ప్రోబుకి ఉండే మొసలి క్లిప్పు లోపల మెయిన్స్ ఎర్త్‌కి కలిసే ఉంటుంది. దాన్ని సర్క్యూట్‌లో ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తే కొత్త లూపు తయారు. దాన్ని తప్పించడానికి స్కోపు ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. ఆ పని చేయకండి, పక్కవాణ్ని చేయనివ్వకండి. మన త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడవుగా, లావుగా ఉండటం ఊరికే కాదు. ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి. అది లేకపోతే లోపల ఫేజు ఒంటికి తగిలిన రోజు స్కోపు క్యాబినెట్టే ఫేజు.

మ్యాగ్నెటిక్ ఫీల్డు విషయంలో చాలామంది పొరపడతారు. అల్యూమినియం రేకు చుట్టిన షీల్డు 50 హెర్ట్‌జ్ మ్యాగ్నెటిక్ ఫీల్డుని దాదాపు ఆపదు. 10 ఆంపియర్లు మోసే ఒంటి వైరుకి రెండు మీటర్ల దూరంలో ఫీల్డు ఒక మైక్రోటెస్లా. మీ రెండు సిగ్నల్ వైర్లు ఒక మీటరు పొడవునా సెంటీమీటరు ఎడంగా విడిపోయి ఉంటే ఆ ఖాళీ గుండా పోయే ఫీల్డు 3 మైక్రోవోల్టులు పుట్టిస్తుంది. 30 గ్రాములు! ఒకదాన్నొకటి మెలిపెట్టి ఉంటే ఒక మెలికలో పుట్టింది పక్క మెలికలో పుట్టినదాన్ని కొట్టేస్తుంది. టెలిఫోను తీగల విషయంలో ఇది తెలిసి అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. కేబుల్‌లో మెలిక ఉన్నా, జంక్షన్ బాక్స్‌లో అందంగా ఉండాలని జానెడు పొడవు వైర్లు విడదీసి చెరో పక్కనుంచి తిప్పి టెర్మినల్‌కి బిగిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, పనికి చేటు. మెలిక టెర్మినల్ దాకా రావాలి. పవర్ వైర్లు మోటారుకి పోయేవీ వచ్చేవీ కూడా ఒకే కేబుల్‌లో కలిసి ఉండాలి. సిగ్నల్ ట్రే వేరు, పవర్ ట్రే వేరు, మధ్యలో కనీసం అడుగు ఎడం, దాటక తప్పకపోతే అడ్డంగా సరిగ్గా 90 డిగ్రీల్లో దాటించండి.

షీల్డుని ఒక కొసనే ఎర్త్ చేయాలా, రెండు కొసలా? పాతికేళ్ల అనుభవమున్న ఫిట్టర్లు కూడా దీని మీద గొడవ పడతారు. ఇద్దరూ కరెక్టే, ఇద్దరూ వేర్వేరు కేబుళ్ల గురించి మాట్లాడుతున్నారు. లోడ్ సెల్, థర్మోకపుల్ లాంటి నెమ్మది సిగ్నళ్ల కేబుల్‌లో షీల్డు పని పక్కనున్న ఎలక్ట్రిక్ ఫీల్డుని తన మీద తీసుకుని పక్కకి పంపడం. దానికి ఒక కొస చాలు. రెండు కొసలూ కట్టారా, షీల్డులో ఎర్త్‌ల మధ్య కరెంటు పారి కొత్త తలనొప్పి. ఏ కొస అంటే, సిగ్నల్ ఎక్కడ ఎర్త్ అయి ఉందో ఆ కొస. మామూలుగా లోడ్ సెల్‌కి ఇండికేటరు వైపు కడతారు. కానీ కొన్ని సెల్స్‌లో షీల్డు లోపలే ఒంటికి కలిపి వస్తుంది, ఒళ్లు ఫ్రేముకి బిగిసి ఉంటుంది. అప్పుడు ఇండికేటరు వైపూ కడితే తెలియకుండానే రెండు కొసలూ అయిపోతుంది. కట్టేముందు మల్టీమీటరు బజరు మీద పెట్టి షీల్డుకీ సెల్ ఒంటికీ మధ్య చూడండి, అరనిమిషం పని. థర్మోకపుల్‌లో కొస గొట్టానికి అతికి ఉన్న రకం, విడిగా ఉన్న రకం రెండున్నాయి. అతికి ఉంటే షీల్డు ఎర్త్ సెన్సర్ వైపే.

వీఎఫ్‌డీ నుంచి మోటారుకి పోయే కేబుల్ సంగతి దీనికి పూర్తి తలకిందులు. డ్రైవ్ ఇచ్చేది నునుపైన అల కాదు, సెకనుకి వేల సార్లు వందల వోల్టులు ఎగిరిపడే చతురస్రాలు. ప్రతి ఎగురుకీ మోటారు వైండింగుకీ ఒంటికీ మధ్య ఉన్న సహజమైన కెపాసిటెన్సు గుండా కొంత కరెంటు ఒంటిలోకి దూకుతుంది. అది తిరిగి డ్రైవ్‌కే చేరాలి. మీరు దారి ఇవ్వకపోతే ఫ్రేములూ, హాపరూ, కన్వేయరూ, మీ లోడ్ సెల్ ఫ్రేమూ దాని దారులవుతాయి. అందుకని మోటారు కేబుల్ షీల్డునో ఆర్మర్‌నో డ్రైవ్ దగ్గరా మోటారు దగ్గరా, రెండు చోట్లా కట్టాలి. మోటారు ఎర్త్ వైరు దగ్గర్లోని గుంతకి కాకుండా అదే కేబుల్‌తోపాటు వెనక్కి వచ్చి డ్రైవ్ ఎర్త్ టెర్మినల్ మీదే ముగియాలి. కట్టే తీరు కూడా ముఖ్యం. షీల్డుని జడలా పేని జానెడు తోకతో బోల్టుకి బిగిస్తే 50 హెర్ట్‌జ్‌కి అది వైరే, మెగాహెర్ట్‌జ్‌కి మాత్రం గోడ. కేబుల్ చుట్టూ పూర్తిగా పట్టేసే క్లాంపో, ఇత్తడి గ్లాండో వాడండి. కింద పెయింటు గీకేయండి. నాకు తెలిసినంతలో మిల్లుల్లో తూకం జబ్బులకి అన్నిటికన్నా బాగా పనిచేసే మందు ఇదే. తూకం వైపు ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకుండా, డ్రైవ్ వైపు మాత్రమే సరిచేస్తే సరిపోయిన చోట్లు ఎక్కువ. ఫెర్రైట్ పూసలు తాయెత్తుల్లా డజన్ల కొద్దీ కట్టేవాళ్లని చూస్తుంటాం. మెగాహెర్ట్‌జ్‌లో వాటి మహిమ నిజమే; 50 హెర్ట్‌జ్ హమ్ముకి అవి ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

ఇక గుంత. ఎలక్ట్రానిక్స్‌కి విడిగా ‘క్లీన్ ఎర్త్’ గుంత తవ్వి, దాన్ని పాత ఎర్త్‌తో కలపకుండా ఉంచమని సలహా ఇచ్చేవాళ్లకి ఈ లెక్క చూపించండి. కొత్త గుంత 5 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ గుంత 5 ఓమ్‌లు, మధ్యలో మట్టి తప్ప రాగి లేదు. ప్యానెల్ ఒంటికి ఫేజు తగిలితే 230 వోల్టులకి పారేది 23 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ దానికి ట్రిప్ కాదు. ప్యానెల్ ఒళ్లు ప్రాణాంతకమైన వోల్టేజీ మీద అలాగే నిలబడి ఉంటుంది, ఎవరో వచ్చి ముట్టుకునేదాకా. పిడుగు పడినప్పుడు రెండు గుంతల మధ్య వేల వోల్టులు లేచి, ఆ తేడా మీ బోర్డుల గుండానే సర్దుకుంటుంది. ఎన్ని గుంతలున్నా వాటిని రాగితోనో జీఐ పట్టీతోనో కలపండి. ఇండికేటరుకి కావలసింది వేరే గుంత కాదు, ప్యానెల్ ఎర్త్ బార్ దాకా మోటార్లతో పంచుకోని సొంత ఎర్త్ వైరు.

వైరింగు సరిచేశాకే ఫిల్టరు జోలికి వెళ్లండి. 100 మిల్లీసెకన్ల సగటు తీస్తే అందులో మెయిన్స్ అలలు సరిగ్గా ఐదు పడతాయి, పైభాగం కిందిభాగం కొట్టుకుపోయి 50 హెర్ట్‌జ్ మాయమవుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే, లోడ్ సెల్ చదివే హెచ్‌ఎక్స్‌711 బోర్డుతో ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు అందుకే సెకనుకి 10 రీడింగుల మోడ్‌లో ఉంచాలి. 80 పెడితే వేగం వస్తుంది, హమ్మూ వస్తుంది. ఇండికేటరులో ఫిల్టరు మరీ పెంచితే ఇంకో నష్టం. బియ్యం సెకనుకి రెండు కిలోల చొప్పున పడుతున్నప్పుడు అంకె అరసెకను ఆలస్యంగా వస్తే గేటు మూసుకునేసరికి కిలో ఎక్కువ పడుతుంది. బస్తా బస్తాకీ పోయే ఆ బియ్యం యజమానివి.

కాంటాక్టరు కాయిల్స్‌కి స్నబ్బర్లు, డీసీ రిలేలకి డయోడ్లు పెట్టించండి, ఖర్చు చాలా తక్కువ. వానాకాలంలో జంక్షన్ బాక్స్ తెరిచి తడి చూడండి: తవుడు దుమ్ము తేమ పీల్చుకుని టెర్మినళ్ల మధ్య కరెంటు కారుస్తుంది, అప్పుడు అంకె ఊగదు, మెల్లగా జారుతుంది. దాన్ని వెతకడానికి 500 వోల్టుల మెగ్గర్ని లోడ్ సెల్‌కి పెట్టకండి, కొత్త సెల్ కొనాల్సొస్తుంది. తూకం ఫ్రేము మీద వెల్డింగ్ చేయాల్సొస్తే సెల్ కేబుల్‌ని ఇండికేటరు నుంచి ఊడదీసి, సెల్ పైనుంచి కిందికి లావుపాటి రాగి జడ బోల్టు చేసి, వెల్డింగ్ రిటర్న్ క్లాంపుని వెల్డు పక్కనే కట్టించండి. క్లాంపు ఎక్కడో షెడ్డు స్తంభానికి కడితే వందల ఆంపియర్లు వెనక్కి వెళ్లడానికి ఎంచుకునే దారుల్లో మీ లోడ్ సెల్ కూడా ఒకటి.

పని అయ్యాక తూకం మీద 20 కిలోల స్టాంపు రాళ్లు పెట్టి, మిల్లులోని మోటార్లన్నీ ఒక్కొక్కటే ఆన్ చేయించి, ఒక్కోదానికీ రీడింగు రాసుకోండి. ఏ షీల్డు ఏ కొసన కట్టారో, సీరియల్ కేబుల్‌కి ఐసొలేటరు ఎక్కడుందో కూడా అదే కాగితం మీద రాసి ప్యానెల్ తలుపుకి లోపలివైపు అంటించండి, తేదీ వేసి. లేదంటే వచ్చే ఏడాది కొత్త ఎలక్ట్రీషియన్ వచ్చి, వేలాడుతున్న షీల్డు కొస చూసి, ఎవరో మరిచిపోయారనుకుని దాన్ని ఎర్త్‌కి బిగించేస్తాడు.